జీతమున్న ఆటగాళ్లు

(మా డ్రిల్లు సారు యాదిలో కొత్తకోటలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)



ఈసారి బేస్‌బాల్ గురించి మాట్లాడతానని నేనే అడిగి ఒప్పించుకున్నాను. బెంగళూరు రోడ్డు మీద లారీలు ఆపి చాయ తాగే మన ఊళ్లో ఆ అమెరికా ఆట సంగతేమిటని ఇద్దరు ముగ్గురు నవ్వారట. నవ్వితే తప్పేం లేదు. సారు ఆ గుండ్రటి కర్ర పట్టుకొని మొదటిసారి గ్రౌండ్‌కు వచ్చిన రోజు మేమూ నవ్వాం. "ఇది చిర్రగోనెకు చిన్నాయన కొడుకేరా, భయపడకుండ్రి" అన్నాడు సారు. స్కూల్ గేమ్స్‌లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ ఉన్నాయి, క్రికెట్‌కు ఎగబడ్డట్టు వాటికి ఎవరూ ఎగబడరు, కాబట్టి పల్లెటూరి బడికి అక్కడ సందు దొరుకుతుందని ఆయన లెక్క. కర్ర విరిగితే వడ్లాయన తుమ్మకర్రతో ఇంకోటి చెక్కిచ్చేవాడు. బంతి కుట్లు ఊడితే మగ్గాల ఇండ్లలోంచి దారం తెచ్చి సారే కూర్చొని కుట్టేవాడు. బేస్‌బాల్ బంతి మీద ఎర్రదారంతో 108 జంట కుట్లు ఉంటాయి. ఇప్పటికీ అమెరికా లీగుకు ఆడే బంతుల్ని మనుషులే చేత్తో కుడతారు, కోస్టారికా దేశంలో. ఆ లెక్క చెప్పి సారు మాతో కుట్లు ఎంచించేవాడు, అల్లరి ఆగుతుందని.

పిల్లల కోసం ముందు ఆట చెప్తాను. మైదానం క్రికెట్‌లాగా చుట్టూ తెరిచి ఉండదు. కొట్టేవాడు నిలబడే చోటు హోం ప్లేట్. అక్కడి నుంచి రెండు గీతలు ఇంటి మూలలో రెండు గోడల్లాగా చీలి పోతాయి. వాటి మధ్య పడ్డ బంతికే లెక్క, బయట పడితే ఫౌల్. వెనక్కి గీరి నాలుగు పరుగులు తీసుకునే తెలివి ఇక్కడ చెల్లదు. హోంతో కలిపి నాలుగు బేసులు, ఒకదానికీ ఇంకోదానికీ 90 అడుగులు. అన్నీ వరసగా తాకి మళ్లీ ఇల్లు చేరితేనే ఒక పరుగు.

విసిరేవాడిని పిచర్ అంటారు. వాడు 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి విసురుతాడు, అంటే మన వికెట్ల మధ్య దూరం కన్నా ఐదారు అడుగులు దగ్గర. బంతి నేలకు తగలకుండా నేరుగా రావాలి. కొట్టేవాడి మోకాళ్ల కింది నుంచి ఛాతీ మధ్య దాకా, ప్లేట్ వెడల్పున, గాలిలో ఒక కిటికీ ఉందనుకోండి. అందులోంచి పోయిన బంతిని వదిలేస్తే స్ట్రైక్. ఏ బంతికైనా కర్ర ఊపి తప్పితే స్ట్రైక్. కొట్టకపోవడాన్ని స్ట్రైక్ అనడమేమిటని నేను సారును అడిగాను. "వాళ్ల ఆట, వాళ్ల మాట" అన్నాడు. మూడు స్ట్రైకులైతే ఔట్. కిటికీ బయట పోయిన బంతులు నాలుగు వదిలేస్తే ఉత్తగనే మొదటి బేసుకు నడిచిపోవచ్చు. ఫౌల్ కొడితే మొదటి రెండుసార్లు స్ట్రైకే. మూడోది మాత్రం మామూలు దెబ్బకు ఫౌల్‌తో పడదు. అందుకే మొండివాడు పదేసి బంతులు పక్కకు తోస్తూ నిలబడతాడు.

బంతి గీతల మధ్య పడిందంటే ఉరకాల్సిందే. కొట్టి నిలబడతానంటే కుదరదు. మేము అందరం తప్పు చేసింది ఇక్కడే. వెనక నుంచి ఇంకొకడు వస్తుంటే ముందున్నవాడు బేసు ఖాళీ చేసి తీరాలి, అప్పుడు ఫీల్డర్ బంతి పట్టుకొని తర్వాతి బేసును తొక్కితే చాలు, వాడు ఔట్. వెనక ఎవరూ తరమకపోతే మాత్రం బంతితో మనిషిని ముట్టాలి. కొట్టిన బంతిని గాలిలో పట్టినా కొట్టినవాడు ఔటే. ముగ్గురు ఔటైతే పక్షాలు మారతాయి. తొమ్మిది మంది, తొమ్మిది ఇన్నింగ్స్. సమానమైతే తేలేదాకా ఆడతారు. ఆటకు గడియారం లేదని గొప్పగా చెప్పుకునేవాళ్లు, 2023లో అమెరికా లీగులో అదీ వచ్చింది. బేసులు ఖాళీగా ఉంటే పిచర్ 15 సెకన్లలో విసరాలి. దాంతో సగటు ఆట మూడు గంటల నాలుగు నిమిషాల నుంచి రెండు గంటల నలభైకి దిగింది.

ఇక కథ. ప్రతి గుడికీ ఒక స్థలపురాణం ఉన్నట్టే ఈ ఆటకూ ఉంది. 1839లో కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో అబ్నర్ డబుల్‌డే దీన్ని కనిపెట్టాడని 1907లో ఒక కమిటీ తేల్చింది. ఆధారం ఒక ముసలాయన రాసిన ఉత్తరం. ఆ యేడు డబుల్‌డే ఆ ఊళ్లోనే లేడు, సైనిక విద్యాలయంలో చదువుకుంటున్నాడు. అయినా 1939లో ఆటగాళ్ల గుడి, అదే హాల్ ఆఫ్ ఫేమ్, ఆ ఊళ్లోనే వెలిసింది. నిజానికి బేస్‌బాల్ అన్న మాట 1744 నాటికే ఇంగ్లాండులో పిల్లల పుస్తకంలో ఉంది. మనకు తెలిసిన రూపం 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్బు రాసుకున్న నియమాలతో మొదలైంది. వాటిలో నాకు నచ్చింది ఒకటుంది: ఉరికేవాడిని బంతితో కొట్టి ఔట్ చేయకూడదని. రబ్బరు బంతితో వీపులు వాయగొట్టుకొని పెరిగిన మనకు ఆ నియమం విలువ తెలుసు. వాళ్లు 1846లో ఇంకో జట్టుతో ఆడి 23–1తో ఓడిపోయారు. నియమాలు రాసినవాడే గెలవాలని లేదుగదా. తొమ్మిది ఇన్నింగ్స్ అన్నది 1857లో ఖాయమైంది.

అప్పటిదాకా ఇది పని అయ్యాక ఆడుకునే పెద్దమనుషుల ఆట. లోపల్లోపల డబ్బులిచ్చేవాళ్లు గానీ పైకి చెప్పేవాళ్లు కాదు. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ జట్టు దాచకుండా అందరికీ జీతం ఇచ్చింది. దాన్ని కట్టినవాడు హ్యారీ రైట్. ఇంగ్లాండులో షెఫీల్డ్‌లో పుట్టి, న్యూయార్క్‌లో జీతానికి క్రికెట్ ఆడినవాడు. బేస్‌బాల్‌ను వృత్తిగా నిలబెట్టింది ఒక క్రికెటర్ అని మన పిల్లలు గుర్తుపెట్టుకోవాలి. హ్యారీకి ఏడాదికి 1,200 డాలర్లు, తమ్ముడు జార్జ్‌కు 1,400. తమ్ముడు ఇంకా బాగా ఆడేవాడు, అన్న ఒప్పుకున్నాడు. ఆ యేడు 57 ఆటలు గెలిచారు, ఒక్కటీ ఓడలేదు.

జీతం అన్నాను కదా. మన దిక్కు ఆ మాటకు రెండు అర్థాలు. ఆఫీసులో నెలకు అందేది ఒకటి. "వాడు ఫలానా వాళ్లింట్ల జీతమున్నడు" అంటే ఇంకొకటి. బాకీకి కట్టుబడి ఏడాదికి ఏడాది ఒకే గడపలో పని చేసేవాడు, వేరే ఇంటికి పోదామంటే పోలేనివాడు. సిన్సినాటిలో మొదలైంది మొదటి అర్థం. పదేళ్లలో అది రెండో అర్థంలోకి జారింది.

1876లో క్లబ్బుల యజమానులు కలిసి నేషనల్ లీగ్ పెట్టారు. 1879లో చాటుగా ఒక ఒప్పందం చేసుకున్నారు. ఒక్కో క్లబ్బు ఐదుగురు ఆటగాళ్లను తనకు రిజర్వు చేసుకుంటుంది, వాళ్లను ఇంకే క్లబ్బూ పనికి పిలవదు. ఐదుగురు కొన్నేళ్లలో అందరూ అయ్యారు. కాగితం మీద ఒప్పందం ఒక్క ఏడాదికే. కానీ ఆటగాడు సంతకం పెట్టకపోయినా యజమాని దాన్ని ఇంకో ఏడాదికి పొడిగించుకోవచ్చు, ఆ తర్వాత ఇంకో ఏడాదికి. అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. 1922లో ఈ ఆటకు వ్యాపారంలో పోటీని కాపాడే చట్టాలు వర్తించవని అమెరికా సుప్రీంకోర్టు అనడంతో యజమానులకు కోట దొరికింది.

నల్లవాళ్లకైతే ఆ జీతం కూడా లేదు. 1880ల నుంచి వాళ్లను గేటు బయటే ఆపారు. 1920లో వాళ్లు సొంత లీగు పెట్టుకున్నారు. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్ దిగాడు. అదొక్కటే ఇంకో రోజు మాట్లాడాల్సిన సంగతి. ఒక్కటి మాత్రం చెప్తాను. తెల్ల యజమానులు ఒకరి ఆటగాడిని ఇంకొకరు తీసుకుంటే డబ్బు కట్టేవారు. రాబిన్సన్ అంతకుముందు ఆడిన నల్లవాళ్ల జట్టు కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు డాడ్జర్స్ ఒక్క డాలరు ఇవ్వలేదు.

కర్ట్ ఫ్లడ్ పేరు ఇక్కడ ఎవరూ విని ఉండరు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండేళ్లు సెంటర్ ఫీల్డ్‌లో ఆడాడు. 1969 అక్టోబరులో నిన్ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశామని కబురొచ్చింది. అప్పటికి ఆయన జీతం 90,000 డాలర్లు. చాలామందికి అది దొరకని సంపాదన. ఫ్లడ్ పోనన్నాడు. డిసెంబరు 24న లీగు కమిషనర్ బౌయీ కూన్‌కు ఉత్తరం రాశాడు, పన్నెండేళ్ల తర్వాత కూడా నన్ను సరుకులా అమ్ముతారా అని. అంత డబ్బు తీసుకుంటూ బానిసనంటావేంటని టీవీలో అడిగారు. మంచి జీతమున్న బానిస కూడా బానిసే అన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1972లో 5–3తో ఓడిపోయాడు. ఆట పోయింది, డబ్బు పోయింది.

కానీ మార్విన్ మిల్లర్ ఉన్నాడు. ఉక్కు కార్మికుల సంఘంలో పనిచేసి 1966లో ఆటగాళ్ల సంఘానికి వచ్చినవాడు. 6,000 డాలర్లున్న కనీస జీతాన్ని 1968లో 10,000 చేయించాడు. తగాదాలు తేల్చడానికి యజమాని మనిషి కాని మధ్యవర్తి ఉండాలని తర్వాత రాయించాడు. ఆ దారినే 1975లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్లు సంతకం పెట్టకుండా ఉండి, ఏడాది గడిచాక మమ్మల్ని వదలండని అడిగారు. మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఒప్పందం చదివి, ఒక ఏడాది పొడిగించవచ్చని రాస్తే దానర్థం ఒక్క ఏడాదే అన్నాడు. 1975 డిసెంబరు 23. ఆ తీర్పు ఇచ్చిన వెంటనే యజమానులు ఆయన్ని తీసేశారు. తీర్పు మాత్రం నిలిచింది.

ఆ తేదీకి రెండు నెలల ముందు, 1975 అక్టోబరు 25 నుంచి, మన దేశంలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అమల్లోకి వచ్చింది. రెండూ ఒకటేనని నేను అనను. 90,000 డాలర్ల ఆటగాడినీ, గొడ్లకాడ పండుకునే పిల్లవాడినీ ఒకే తక్కెడలో పెడితే ఆ పిల్లవాడికి అవమానం. కానీ ముడి ఒకే రకం: పని ఇచ్చేవాళ్లంతా ముందే మాట్లాడుకొని ఉండటం.

మా క్లాసులో అందరికన్నా గట్టిగా విసిరేవాడు ఒకడుండేవాడు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. వాళ్ల నాయన బాకీకి ఒకరింట్ల జీతముంచారు. మేము ఆడుతుంటే బర్రెల వెంట గ్రౌండ్ అంచున నిలబడి చూసేవాడు. బంతి అటు పడితే వాడు విసిరిన విసురు నేరుగా హోం ప్లేట్‌కు వచ్చేది. సారు ఒకరోజు ఆ ఇంటికి పోయి మాట్లాడి వచ్చాడు. ఏం జరిగిందో చెప్పలేదు. అప్పటికి చట్టం వచ్చి పదేళ్లు. ఆ యేడు జోనల్ ఆటల్లో మొదటి రోజే ఓడి వచ్చాం. దారి పొడుగునా బస్సులో సారు మాట్లాడలేదు.

ఫ్లడ్ 1997 జనవరిలో పోయాడు. పోటీని కాపాడే ఆ చట్టాలు పెద్ద లీగు ఆటగాళ్లకూ వర్తిస్తాయనే చట్టం ఆయన పేరు మీద 1998లో వచ్చింది.

ఇప్పుడు మనవాళ్ల ముచ్చట. 2023లో టొరంటో బ్లూ జేస్ జట్టు కొత్తవాళ్ల ఎంపికలో మొదటి రౌండులోనే, ఇరవయ్యో పేరుగా, అర్జున్ నిమ్మల అనే పదిహేడేళ్ల పిల్లవాడిని తీసుకుంది. ఫ్లోరిడాలో పెరిగాడు. తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్లినవాళ్లు. రెండో బేసుకూ మూడో బేసుకూ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ అతను. పెద్ద లీగు చేరితే, అక్కడ ఆరేళ్ల సర్వీసు నిండాకే తనకు నచ్చిన జట్టుకు పోవచ్చు. ఏ జట్టు తీసుకోవాలో మాత్రం మొదట్లో అతని చేతుల్లో లేదు. పగ్గం పోలేదు, ఎంత పొడుగో కాగితం మీద రాశారు. మన ఐపీఎల్ వేలంపాటలో ప్యాడిల్ పైకెత్తేవాళ్లను చూసి చప్పట్లు కొట్టేటప్పుడు, ఆ కాగితంలో ఏముందో కూడా చదవమని పిల్లలకు నా మనవి.

సారు కుట్టిన బంతి ఒకటి ఈ బల్ల మీద ఉంది. సారు ఇంటివాళ్లు తెచ్చారు. చేతులు మార్చుకుంటూ చూడండి, కుట్లు ఎంచండి, 108 రావు, ఎందుకంటే సారుకు దారం తక్కువ పడేది. ఎండ తగ్గాక ఆట ఉంది, గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీశారట. తుమ్మకర్ర ఉంది, పిల్లలున్నారు. అంపైర్‌గా నిలబడడానికి పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు రావాలి, నా మోకాళ్లు ఒప్పుకోవు.