కెరీర్ బెస్ట్ విన్ తర్వాత ఫ్లైట్ ఎక్కి ఇంటికెళ్లిపోయాడు! ఎరిత్రియా సైక్లిస్ట్ బినియమ్ స్టోరీ

 

ఈ రోజు టాపిక్ సైక్లింగ్. "బ్రో, మాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెలీదు" అంటారా, పర్లేదు. దీనికి రేసింగ్ నాలెడ్జ్ ఏమీ అక్కర్లేదు. మీ ఇంట్లో అన్నయ్యో అక్కో బావగారో అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటే చాలు, ఈ కథ మీకు ఈజీగా ఎక్కుతుంది. ఎందుకంటే ఇది గెలవడం గురించి కంటే ఎక్కువగా ఇంటికి రావడం గురించిన కథ.

మ్యాటర్‌లోకి వెళ్దాం. 2022 మార్చి 27, ఆదివారం. బెల్జియంలో గెంట్-వేవెల్‌గెమ్ అని ఒక పెద్ద రేస్. దాదాపు 250 కిలోమీటర్లు, ఒక్క రోజులోనే. మధ్యలో రాళ్లు పరిచిన నిటారు గుట్టలు, పక్క నుంచి కొట్టే గాలి. చివరికి నలుగురే ముందు మిగిలారు. వాళ్లలో ఒకడు 21 ఏళ్ల కుర్రాడు. లైన్ ఇంకా చాలా దూరం ఉండగానే స్ప్రింట్ మొదలుపెట్టాడు, ఫ్రాన్స్ రైడర్ క్రిస్టోఫ్ లాపోర్ట్ పక్కకి వచ్చినా వదల్లేదు, గెలిచేశాడు. పేరు బినియమ్ గిర్మాయ్, దేశం ఎరిత్రియా. రాళ్ల రోడ్ల మీద జరిగే ఆ పెద్ద క్లాసిక్ రేసుల్లో ఒక ఆఫ్రికన్ గెలవడం అదే ఫస్ట్ టైమ్.

ఇంకో విషయం. అసలు ఆ రేస్ అతని ప్లాన్‌లోనే లేదు. రెండు రోజుల ముందు ఈ-త్రీ అనే రేసులో ఐదో ప్లేస్ వచ్చింది. ఫామ్ బాగుంది కదా, ఇది కూడా ఆడేద్దాం అని లాస్ట్ మినిట్‌లో దిగాడు.

సో, మరుసటి ఆదివారం ఏముంది? టూర్ ఆఫ్ ఫ్లాండర్స్. సైక్లింగ్‌లో మాన్యుమెంట్స్ అని పిలిచే ఐదు రేసులు ఉన్నాయి, వన్డే రేసుల్లో వాటిని మించినవి లేవు. ఇది అందులో ఒకటి. బెల్జియంలో ఆ రోజు పండగే అనుకోండి. ఫ్యాన్స్, కామెంటేటర్లు, అందరి నోటా ఒకటే మాట: ఈ ఫామ్‌లో ఉన్నవాడు ఫ్లాండర్స్ ఆడాల్సిందే!

అతను మాత్రం ఫ్లైట్ ఎక్కి అస్మరా వెళ్లిపోయాడు.

ఎందుకు? భార్య, చిన్న పాప అక్కడ ఉన్నారు. వాళ్లని చూసి నెలలు అయింది. వసంతకాలం రేసులయ్యాక ఇంటికి వెళ్తానని ముందే అనుకున్నాడు. గెలిచాడు కదా అని ఆ మాట మార్చుకోలేదు. టీమ్ కూడా ఒప్పుకుంది.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఓడిపోయాక ఇంటికి వెళ్లడం ఎవరైనా చేస్తారు. ఊపు మీద ఉన్నప్పుడు, పేరు మోగిపోతున్నప్పుడు, "ఇంకో వారం ఉండు చాలు" అని ప్రపంచమంతా అంటున్నప్పుడు వెళ్లడం వేరు. పైగా 2022 మామూలు సీజన్ కాదు. మూడేళ్ల పాయింట్లు లెక్కేసి, కింద మిగిలిన టీమ్‌లని టాప్ డివిజన్ నుంచి తీసేసే సంవత్సరం అది. అతని టీమ్ ఇంటర్‌మార్షే పెద్ద బడ్జెట్ ఉన్న టీమ్ కూడా కాదు. ప్రతి రేసులో వచ్చే ప్రతి పాయింటూ ముఖ్యమే. అలాంటి టైమ్‌లో వెళ్లమన్నారు.

సరే, అతను వెళ్లిన ఊరు ఎలాంటిది? ఇది తెలిస్తేనే కథ పూర్తిగా అర్థమవుతుంది.

ఎరిత్రియా ఎర్ర సముద్రం ఒడ్డున ఉంటుంది. వైశాల్యంలో దాదాపు మన తెలంగాణ అంత. జనాభా చూస్తే హైదరాబాద్ సిటీ కంటే తక్కువే ఉంటుందని అంచనాలు. 1890 నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా ఇటలీ పాలన. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్లు, ఆ తర్వాత ఇథియోపియా. 30 ఏళ్ల యుద్ధం చేసి 1993లో స్వతంత్ర దేశమైంది. మనకీ ఒక చిన్న లింక్ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి ఇండియా నుంచి చాలామంది లెక్చరర్లు వెళ్లారు.

రాజధాని అస్మరా. సముద్ర మట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది, మన ఊటీ కంటే కూడా కాస్త ఎత్తు. ఇటాలియన్లు కట్టిన సినిమా హాళ్లు, కాఫీ షాపులు, బిల్డింగులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి కాబట్టి 2017లో యునెస్కో ఆ సిటీని వరల్డ్ హెరిటేజ్ లిస్టులో పెట్టింది. ఆ ఇటాలియన్లతోనే సైకిల్ కూడా వచ్చింది. అక్కడి తిగ్రిన్యా భాషలో సైకిల్‌ని "బిష్‌క్లెత" అంటారు. ఇటాలియన్ మాటే, నోరు తిరిగినట్టు మార్చుకున్నారు, మనం స్టేషన్‌ని "టేసన్" అన్నట్టు.

మొదట్లో రేసులు తెల్లవాళ్లకే. లోకల్స్‌ని వాళ్లతో కలిసి తొక్కనిచ్చేవాళ్లు కాదు. ఆ ఊళ్లో మెయిన్ రోడ్డుకి అప్పట్లో ముస్సోలినీ పేరు ఉండేది. ఇప్పుడు దాని పేరు హర్‌నెత్ అవెన్యూ. హర్‌నెత్ అంటే స్వేచ్ఛ. ఒకప్పుడు ఎవరిని రేసు బయట నిలబెట్టారో, ఇప్పుడు ఆ సిటీ వీధుల్లో రేసులు తొక్కేది వాళ్ల మనవలూ మునిమనవలే. మనకి గల్లీ క్రికెట్ ఎలాగో వాళ్లకి సైక్లింగ్ అలాగ.

అక్కడి నుంచి యూరప్ దాకా వెళ్లినవాళ్లలో బినియమ్ మొదటివాడు కాదు. 2015 టూర్ డి ఫ్రాన్స్‌లో డేనియల్ తెక్లెహైమనోత్ కొండల మీద పాయింట్లకి ఇచ్చే చుక్కల జెర్సీ వేసుకున్నాడు. ఆ జెర్సీ వేసుకున్న మొదటి నల్లజాతి ఆఫ్రికన్ ఆయనే. అది టీవీలో చూసిన పిల్లల తరం ఇది. బినియమ్ 2018లో స్విట్జర్లాండ్‌లోని ఐగల్‌లో ఉన్న ఇంటర్నేషనల్ ట్రైనింగ్ సెంటర్‌కి వచ్చాడు. అప్పటికి వయసు 18. 2021లో అండర్-23 వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో సిల్వర్ మెడల్. తర్వాత సంవత్సరమే ఈ గెలుపు.

అన్నట్టు, నేను గిర్మాయ్ అనకుండా బినియమ్ అంటున్నాను, గమనించారా? ఎరిత్రియాలో మనలా ఇంటిపేర్లు ఉండవు. రెండో పేరు నాన్న పేరు. టీవీ కామెంటరీలో "గిర్మాయ్, గిర్మాయ్" అని అరిచిన ప్రతిసారీ వాళ్లు పిలుస్తున్నది నాన్న పేరే. కొడుకు యూరప్‌లో తొక్కుతుంటే నాన్న పేరు మోగింది. బాగుంది కదా?

ఓకే, ఇప్పుడు అసలు పాయింట్.

ఇంటికి వెళ్లడమంటే రెస్ట్, బ్రేక్, కెరీర్‌కి గ్యాప్ అని మనం అనుకుంటాం. ఇక్కడ లెక్క కొంచెం వేరు. యూరప్ టీమ్‌లు డబ్బులు పోసి రైడర్లని తెనెరీఫె దీవిలో ఒక అగ్నిపర్వతం మీదికి తీసుకెళ్తాయి. ఎత్తులో గాలి పల్చగా ఉంటుంది, ఆక్సిజన్ తక్కువ అందుతుంది, దాన్ని తట్టుకోవడానికి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. రెండు మూడు వారాలు అక్కడే తిండి, నిద్ర, ట్రైనింగ్. బినియమ్‌కి ఆ ఎత్తు సొంత ఊళ్లోనే ఉంది. మస్సావా పోర్ట్ నుంచి అస్మరాకి రోడ్డు సుమారు 115 కిలోమీటర్లు, సముద్రం లెవెల్ నుంచి 2,300 మీటర్ల పైకి ఎక్కుతుంది. కాబట్టి అతనికి ఇంటికెళ్లడమంటే ట్రైనింగ్ మానేయడం కాదు. పొద్దున కొండలు, మధ్యాహ్నం పాప.

అయినా నష్టం లేదని చెప్పను. ఫ్లాండర్స్ మిస్సయింది, అది నిజం. 2023లో ఆ రేసుకి వచ్చాడు. ఏప్రిల్ 2, సరిగ్గా అతని పుట్టినరోజు. ఆ రోజే కిందపడి తలకి దెబ్బ తగిలి బయటికి వచ్చేశాడు. 2022లో వెళ్లి ఉంటే గెలిచేవాడా? ఎవరూ చెప్పలేరు. ఆ ఛాన్స్ తనకి తెలిసే వదులుకున్నాడు. నేను రెస్పెక్ట్ చేసేది దాన్నే.

మరి కెరీర్ ఆగిపోయిందా? ఇంటి నుంచి తిరిగొచ్చాక అదే 2022 మే 17న ఇటలీలో జిరో రేసు పదో స్టేజ్. మథ్యూ వాన్ డెర్ పూల్ లాంటి స్టార్‌ని స్ప్రింట్‌లో ఓడించాడు. గ్రాండ్ టూర్‌లో స్టేజ్ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అయ్యాడు. పోడియం మీద బాటిల్ ఓపెన్ చేస్తుంటే కార్క్ ఎగిరి కంటికి తగిలి రేసే వదిలేయాల్సి వచ్చింది, అది వేరే విషయం. 2024లో టూర్ డి ఫ్రాన్స్‌లో ఏకంగా మూడు స్టేజ్‌లు, నీస్‌లో ఫైనల్‌గా పాయింట్స్ గ్రీన్ జెర్సీ. ఏ ఆఫ్రికన్‌కీ అంతకు ముందు రానిది.

ఇప్పుడు కొంచెం సీరియస్ మాట. దీన్ని స్కిప్ చేస్తే కథ సగమే చెప్పినట్టు.

టూర్ డి ఫ్రాన్స్ వీడియోలు చూడండి. రోడ్డు పక్కన ఎరిత్రియా జెండాలు పట్టుకుని వందలమంది కనిపిస్తారు. డాన్స్, పాటలు, ఏడుపులు. వాళ్లంతా అస్మరా నుంచి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు కాదు. ఎక్కువమంది యూరప్‌లోనే ఉంటున్నవాళ్లు, దేశం వదిలి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు.

ఎందుకు వదిలారు? అక్కడ నేషనల్ సర్వీస్ కంపల్సరీ. చట్టంలో 18 నెలలే. 1998-2000లో ఇథియోపియాతో యుద్ధం తర్వాత అది ఎప్పుడు అయిపోతుందో తెలియని సర్వీస్‌గా మారిపోయింది. దేశం దాటాలంటే ప్రభుత్వం ఇచ్చే ఎగ్జిట్ వీసా కావాలి, ఆ వయసులో ఉన్నవాళ్లకి అది దొరకడం చాలా కష్టం. అందుకే లక్షలమంది దొంగచాటుగా బోర్డర్ దాటారు. ఎడారి, లిబియా, పడవలు. బయట ఉన్నవాళ్లకి ఎంబసీ నుంచి ఏదైనా పేపర్ కావాలంటే ఆదాయంలో 2 శాతం పన్ను కట్టాలి. పర్మిషన్ లేకుండా వెళ్లినవాళ్లయితే "తప్పు చేశాను, చింతిస్తున్నాను" అనే అర్థం వచ్చే ఫారం మీద సంతకం కూడా పెట్టాలి. ఐక్యరాజ్యసమితి ఎంక్వైరీ కమిషన్ ఈ విషయాలు రికార్డ్ చేసింది.

అంటే ఏంటి? రేస్ గెలిచి, ఫ్లైట్ ఎక్కి, ఇంట్లో పాపని ఎత్తుకుని, మళ్లీ యూరప్ తిరిగి రావడం. మనకి మామూలుగా కనిపించే ఈ రౌండ్ ట్రిప్, ఆ జెండాలు పట్టుకున్న చాలామందికి దొరకనిది. అమ్మ చనిపోయినా వెళ్లలేనివాళ్లు ఉంటారు. వాళ్లు ఇంటికి వెళ్లలేరు కాబట్టి, ఇంటి మనిషి తమ ముందు నుంచి సైకిల్ మీద వెళ్తుంటే ఆ మూడు సెకన్ల కోసం పొద్దున్నుంచి నిలబడతారు.

బినియమ్ రాజకీయాలు మాట్లాడాలని నేను అనను. సొంత ఊళ్లో భార్యాబిడ్డలు ఉన్న మనిషిని ఇక్కడ ఏసీ రూమ్‌లో కూర్చుని మనం జడ్జ్ చేయలేం. కానీ ఒకటి గమనించండి. ప్రభుత్వాన్ని మెచ్చుకునేవాళ్లూ, దాని నుంచి పారిపోయినవాళ్లూ, ఇద్దరూ అతని కోసం ఒకే జెండా ఊపుతారు. అంత బరువు 20 ఏళ్లు దాటిన కుర్రాడి భుజాల మీద ఉంది. అలాంటివాడికి ఒక వారం "ఛాంపియన్" అనే పిలుపు పక్కనపెట్టి "నాన్నా" అనిపించుకోవాలని ఉండటంలో వింతేముంది?

ఇప్పుడు మన సంగతి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ఆన్‌సైట్ వెళ్లిన ఫ్రెండ్స్‌తో ఇదే డిస్కషన్. ఈ ప్రాజెక్ట్ రిలీజ్ అయ్యాక వస్తా. వీసా స్టాంపింగ్ భయం ఉంది, ఇప్పుడు కదిలితే తిరిగి రానిస్తారో లేదో. ప్రమోషన్ సైకిల్ అయ్యాక. గ్రీన్ కార్డ్ వచ్చాక. వాళ్ల భయాలు నిజమైనవే, నేను కొట్టిపారేయను. వీసా విషయంలో రిస్క్ ఉన్నవాళ్లు ఆగాల్సిందే, వాళ్లని "అమ్మానాన్నల మీద ప్రేమ లేదు" అని చుట్టాలు అనడం అన్యాయం.

కానీ రెండు రకాల "రాలేను" ఉంటాయి. ఒకటి రోడ్డు పక్కన జెండా పట్టుకున్నవాళ్లది, దారి మూసేశారు కాబట్టి రాలేను. రెండోది, దారి తెరిచే ఉంది, ఇంకో గెలుపు చూసుకుని వస్తా అనేది. మొదటివాళ్లని చూశాక రెండో మాట అనే ముందు ఒకసారి ఆలోచించాలనిపిస్తుంది.

బినియమ్ దగ్గర నేను నేర్చుకున్నది చాలా సింపుల్. డేట్ ముందే ఫిక్స్ చేసుకో. గెలిచినా ఓడినా ఆ డేట్ మారదు. ఎందుకంటే గెలిచిన రోజు కూర్చుని ఆలోచిస్తే ఉండిపోవడానికి కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి. పనికి నెక్స్ట్ ఆదివారం ఎప్పుడూ ఉంటుంది. పాపకి మాత్రం ఆ వయసు మళ్లీ రాదు.

మీ ఇంట్లో బయట దేశంలో ఉన్నవాళ్లు ఎవరు? లాస్ట్ టైమ్ ఎప్పుడు వచ్చారు? దారి మూసి ఉందా, తెరిచే ఉందా? కామెంట్స్‌లో రాయండి, నేను అన్నీ చదువుతాను. వాళ్లని తిట్టకుండా రాయండి, ప్లీజ్. ఈ లింక్ వాళ్లకే పంపినా సంతోషమే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, బై!