పరిరక్షణ

ఈ రోజు మన మాట ‘పరిరక్షణ’.

రక్షణ అంటే కాపాడటం. దానికి ముందున్న ‘పరి’ అనే ఉపసర్గకు చుట్టూ, అన్ని వైపులా అని అర్థం. పసిబిడ్డ ఆలనా పాలనా చూడటాన్ని సంరక్షణ అంటాం. హక్కులు, అడవులు, చెరువులు వంటి ఉమ్మడి సంపదను పోనివ్వకుండా నిలుపుకోవడాన్ని పరిరక్షణ అంటాం.

ఈ మాటకు నిదర్శనాలు హైదరాబాద్ దగ్గరి చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో ఉన్నాయి. 1908 మూసీ నది వరదల తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. కట్టను కాపాడితే చాలదు, నీరు పారివచ్చే నేలనూ కాపాడాలని 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. చుట్టుపక్కల 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ కట్టడాలను కట్టడి చేసింది. 2022లో ఆ ఆంక్షలను సడలించారు.

ఈ ప్రాంతం మీదుగా అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా వెళ్లే రోడ్డుకు ఇరువైపులా వందలాది మర్రిచెట్లున్నాయి. రోడ్డు విస్తరణలో వాటిని నరకవద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. మర్రికి మాను ఒక్కటే ప్రాణం కాదు. వేళ్లు పాకిన మట్టి, నేలకు దిగే ఊడలు కూడా ప్రాణమే. చుట్టూ సిమెంటు కప్పేసి చెట్టును ఉంచామనడం పరిరక్షణ కాదు.

మీ ఊరి చెరువుకు నీరు తెచ్చే వాగులు, కాలువలు ఏవో తెలుసుకోండి. అవి పూడిపోకుండా చూడండి. పరిరక్షణ అక్కడే మొదలవుతుంది.