కీచు శబ్దంలో దాగిన ఆట

ఆట మొదలవ్వాలంటే ముందు కీచుమనే గోల వినాలి. 1982లో బ్రిటన్‌లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్ సంగతి ఇది. రబ్బరు మీటలు, తెరగా ఇంట్లో టీవీ, ఆటలేమో మామూలు క్యాసెట్లో! టేపు తిరుగుతుంటే తెర అంచున రంగుల చారలు పరుగెత్తేవి. కొన్ని నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. చివర్లో లోడింగ్ తప్పిందా, మళ్లీ మొదటికే.

మెమరీ మహా అయితే 48 కిలోబైట్లు. ఇప్పటి ఫోన్లో తీసే ఒక్క ఫొటోకైనా చాలదు. అందులోనే మాథ్యూ స్మిత్ అనే టీనేజీ కుర్రాడు 1983లో 20 గుహల ‘మానిక్ మైనర్’ ఆటను ఇమిడ్చాడు. గాలి అయిపోయేలోపు తాళంచెవులు ఏరుకుని బయటపడాలి.

రేడియోవాళ్లం కాబట్టి ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేను. క్యాసెట్లో ప్రోగ్రామంటే శబ్దమే కదా! నెదర్లాండ్స్‌లో ‘హాబీస్కోప్’ కార్యక్రమం కంప్యూటర్ ప్రోగ్రాములను రేడియోలోనే ప్రసారం చేసేది. శ్రోతలు టేపులో పట్టుకుని కంప్యూటర్‌కి వినిపించేవారు.