ఇంటి దీపములు - స్విచ్చీల అమరిక

స్విచ్చి నొక్కినంతనే దీపము వెలుగును, మరల నొక్కినచో ఆరును. ఇది పసిపిల్లలకైనను తెలిసినదే. అయితే దీపము ఆరినప్పుడు దాని హోల్డరులో విద్యుత్తు లేదని ధైర్యముగా చెప్పగల గృహస్థులు ఎందరు? అది స్విచ్చిని ఏ తీగెపై అమర్చినారో దానిని బట్టి యుండును. ఆ సంగతి పని చేసి వెళ్లిన మిస్త్రీకి తప్ప ఇంటివారికి తెలియదు. అతడు పొరపాటు చేసినను దీపము చక్కగానే వెలుగుచుండును గనుక ఆ పొరపాటు ఏండ్ల తరబడి గోడలో దాగియుండును.

వీధి స్తంభమునుండి సామాన్యముగా మన యింటికి రెండు తీగెలు వచ్చును. ఒకటి ఫేజు, రెండవది న్యూట్రలు. ఫేజునకును భూమికిని నడుమ సుమారు 230 వోల్టుల ఒత్తిడి యుండును. న్యూట్రలును ట్రాన్స్‌ఫార్మరు వద్ద భూమితో కలిపియుంతురు గనుక దానికిని భూమికిని భేదము స్వల్పము. దీపము ఈ రెంటి నడుమ నుండును. ఈ మార్గమును ఎక్కడ తెంచినను దీపము ఆరును. చిక్కంతయు ఇక్కడనే యున్నది. స్విచ్చి ఫేజుపై నున్నచో, ఆర్పిన పిదప హోల్డరునకు ఒత్తిడి చేరదు. న్యూట్రలుపై నున్నచో, దీపము ఆరును గాని ఫేజు మాత్రము స్విచ్చితో నిమిత్తము లేకుండ హోల్డరు వరకు వచ్చి నిలిచియుండును. పండుగకు ముందు బూజు దులుపుచు, ఇనుప స్టూలుపై నిలబడి, తడిచేతితో పాత బల్బును తీయుచున్న ఇల్లాలి వ్రేలు అట్టి హోల్డరు లోపల తగిలినచో ఏమగునో ఊహింపవచ్చును. స్విచ్చి ఆర్పియే యున్నదను నమ్మకము ఆమెను కాపాడజాలదు.

భూమితో కలిపిన న్యూట్రలుపై విడిగా స్విచ్చిగాని ఫ్యూజుగాని ఉంచరాదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే శాసించిరి. స్విచ్చి ఉంచదలచినచో అది ఫేజును గూడ ఏకకాలమున తెంచునట్టి జంట స్విచ్చి కావలెను. ఆ నిబంధనల స్థానమున 2010లోను, మరల 2023లోను క్రొత్తవి వచ్చినవి. ఈ సూత్రము మాత్రము మారలేదు.

తీగెల రంగులు చూచి గుర్తింపరాదా యని అడుగవచ్చును. ఎరుపు, పసుపు, నీలము ఫేజునకును, నలుపు న్యూట్రలునకును, ఆకుపచ్చ ఎర్తునకును వాడుట మన దేశమున చిరకాలపు వాడుక. కాని చేతిలో మిగిలిన ముక్కతో పని ముగించు అలవాటును గూడ మనము ఎరుగుదుము. స్విచ్చి నుండి దీపమునకు పోవు తీగె నల్లనిదైనంత మాత్రమున న్యూట్రలు కాదు. పాత యిండ్లలో కొయ్య రీపర్లపై పరచిన తీగెలన్నియు ఒకే రంగున నుండుటయు కద్దు. ఇక టెస్టరు: దానిలోని చిన్న దీపము పట్టపగలు సరిగా కనబడదు. దానిని మొదట కరెంటున్నదని తెలిసిన చోట పరీక్షించి, తరువాత వాడవలెను. అది వెలుగలేదని తీగెను చేతితో పట్టుకొనుట సాహసము.

మేడమెట్ల దీపము వేరొక కథ. క్రింద నొక స్విచ్చి, పైన నొక స్విచ్చి. ఎక్కడ నొక్కినను దీపము వెలుగవలెను, ఆరవలెను. సరియైన పద్ధతిలో ఫేజు మొదటి టూవే స్విచ్చి నడిమి మరకు పోవును. అచటినుండి రెండు తీగెలు రెండవ స్విచ్చికి పోవును. దాని నడిమి మరనుండి ఒక తీగె దీపమునకు వచ్చును. దీపము రెండవ కొస ఎల్లప్పుడును న్యూట్రలునందే యుండును. తీగె ఆదా చేయబోయి కొందరు ఫేజు, న్యూట్రలు రెంటిని ప్రతి స్విచ్చికిని ఇచ్చి, నడిమి మరలను దీపపు రెండు కొసలకు కలుపుదురు. దీపము ముచ్చటగా పనిచేయును. కాని ఆరియున్నప్పుడు దాని రెండు కొసలును ఫేజులోనే యుండవచ్చును! ఇట్టి పొదుపును ఎవరును అనుమతింపరాదు.

మరమ్మతు చేయునప్పుడు మెయిన్ స్విచ్చి ఆర్పవలెనని అందరును చెప్పుదురు. కాని నేడు అనేక గృహములందు ఇన్వర్టరు కలదు. మెయిన్ ఆర్పగానే కరెంటు పోయినదనుకొని అది దీపములకు తన బ్యాటరీనుండి విద్యుత్తును పంపును. కావున ఇన్వర్టరు తీగెను గూడ తెంచిన పిమ్మటనే బోర్డు విప్పవలెను. కరెంటు కోత వేళ పని ముగింతమను తొందర ఇంకను చెడ్డది.

బోర్డులో తీగెలు వదులుగా నున్నచో అచట వేడి పుట్టును, చిటపటలు వినబడును, స్విచ్చి నల్లబడును. తీగెలోని రాగి పోగులను కొన్నింటిని కత్తిరింపక, అన్నింటిని మెలిపెట్టి, పైతొడుగునుగాక రాగినే మర పట్టునట్లు బిగింపవలెను. ఎగిరిపోయిన ఫ్యూజునకు బదులు లావుపాటి రాగి తీగె చుట్టువారితో వాదించుట వృథా. వారి యింట ఎం.సి.బి. పెట్టించుట మేలు. అయితే ఎం.సి.బి. కాపాడునది ముఖ్యముగా తీగెలను. మనిషికి షాకు తగిలినప్పుడు వెంటనే కరెంటును తెంచుటకు 30 మిల్లియాంపియర్ల ఆర్.సి.సి.బి. వేరుగా నుండవలెను.

ఆర్పిన తరువాత గూడ ఎల్.ఇ.డి. బల్బు మసకగా మినుకుచున్నచో స్విచ్చి న్యూట్రలుపై నున్నదేమోయని అనుమానింపవచ్చును. స్విచ్చిలోని చిన్న సూచిక దీపమువలనను అట్లు జరుగును గనుక అదియొక్కటే నిదర్శనము కాదు. లైసెన్సు గల పనివానిని పిలిపించి, స్విచ్చి ఆర్పియుంచి హోల్డరును మీటరుతో చూపించుడు. ఒక్క గదిలో తప్పున్నచో ఆ బోర్డును సరిచేసిన చాలును. ఇల్లంతటను అట్లేయున్నచో మెయిన్ వద్దనే రెండు తీగెలు తారుమారైయుండవచ్చును. స్తంభమునుండి వచ్చు తీగె మార్చినప్పుడును, మీటరు మార్చినప్పుడును ఇట్లు జరుగుటకు వీలున్నది గనుక, ఆ పని జరిగిన నాడు ఒక దీపమునైనను మరల పరీక్ష చేయించుడు.