పిప్పిపన్నూ ఉప్పునీళ్ల బల్బూ

 

మన సైన్సు సారు మంచినీళ్లలో రెండు తీగలు ముంచితే బల్బు వెలగలేదు, ఉప్పు కలపగానే వెలిగింది. గుర్తుందా? పంటి పుచ్చును కనిపెట్టే విద్యుత్ పరికరానిదీ ఆ సూత్రమే.

పంటి పైనుండే పింగాణీ పొర కరెంటును గట్టిగా అడ్డుకుంటుంది. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారిస్తే ఆ పొరలోని కాల్షియం, ఫాస్ఫేటు కరుగుతాయి. కంటికి కనబడని రంధ్రాల్లో తడి చేరి, నిరోధం తగ్గుతుంది. మనకు తెలియనంత చిన్న కరెంటుతో ఆ తేడాను కొలవవచ్చు. గుంట పడకముందే పుచ్చు పట్టుబడుతుంది.

చికిత్సకూ కరెంటు వాడవచ్చు. స్వల్ప కరెంటుతో ఆ ఖనిజాలను తిరిగి పంటిలోకి పంపే పద్ధతిని 2014లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ప్రకటించారు. డ్రిల్లు, సూది అక్కర్లేదు. అయితే అది తొలిదశ పుచ్చుకే. ఊరూరా దంతవైద్యుల దగ్గరికి అదింకా రాలేదు.

నొప్పి పుడితే తప్ప డాక్టరు దగ్గరికి వెళ్లని మనిషిని నేను. ఒక దవడపన్ను పీకించుకున్నాకే ఇదంతా చదివాను. పుచ్చు మొదట్లో నొప్పి పెట్టదు, అదే దాని మోసం.

శామీర్‌పేట దగ్గరే జీనోమ్ వ్యాలీ, బిట్స్ క్యాంపస్ ఉన్నాయి. చవకగా కొలిచే పరికరం మీద మన పిల్లలే రేపు పనిచేయవచ్చు. ఈలోగా ఒక మనవి. మేడ్చల్, శామీర్‌పేటల్లోని మన పూర్వ విద్యార్థి డాక్టర్లు ఏడాదికోసారి బడి పిల్లల పళ్లు చూడండి. బ్రష్షులు, పేస్టుల ఖర్చు నాది. రాత్రి పడుకునే ముందు పళ్లు తోమించే బాధ్యత తల్లిదండ్రులది.

సెలవు.