పరీక్షలకే పరీక్ష

కంప్యూటరులో దాచిన లెక్క భద్రముగా నున్నదని మనము నమ్ముదుము. ఆ నమ్మకమున కాధారమేమి? డేటాబేసును వ్రాసినవారు దానితోపాటు అనేకములైన చిన్న పరీక్షలను గూడ వ్రాసియుంతురు. ప్రోగ్రాములో ఒక్క పంక్తి మారినను ఆ పరీక్షలు తమంతట తామే నడచి, ఎక్కడ చెడినదో చూపును. మరి ఆ పరీక్షలనే ఒక భాషనుండి మరియొక భాషకు మార్చవలసివచ్చినచో, వానిని పరీక్షించున దెవరు?

అపాచీ కౌచ్‌డీబీ అను డేటాబేసును చూతము. ఇది ఎవరైనను చదివి మార్చుకొనదగిన ఓపెన్‌సోర్సు సాఫ్ట్‌వేరు. ఎర్లాంగ్ భాషలో వ్రాయబడినది. దీని పాత పరీక్షలు మాత్రము జావాస్క్రిప్టులో నుండెను. తొలుత బ్రౌజరు తెరచి, ఒక మీట నొక్కి వానిని నడపెడివారు. చూచుటకు ముచ్చటగనే యుండెడిది గాని, బ్రౌజరునుబట్టి ఫలితము మారెడిది! తరువాత వానిని బ్రౌజరు వెలుపలికి తెచ్చిరి. ఆపైన ఒక్కొక్కదానినే ఎలిక్సిర్ భాషలోనికి మార్చిరి. ఎర్లాంగ్ నడచు వేదికమీదనే ఎలిక్సిర్ కూడ నడచును. ఏది మార్చినారో, ఏది మిగిలినదో తెలుపు పట్టికను అందరికిని కనబడునట్లుంచిరి.

పట్టికలో గుర్తు పెట్టుట సులభము. ఒక చిక్కు చూడుడు. కౌచ్‌డీబీలో ప్రతి పత్రమునకును ఒక సవరణ గుర్తుండును. పాత గుర్తుతో మార్పబోయినవానిని డేటాబేసు 409 అను సంఖ్యతో త్రిప్పి పంపును. ఇద్దరు ఒకే పత్రమును దిద్దునప్పుడు ఒకరి వ్రాత మరొకరిది చెరుపకుండుట కిదియే కాపు. క్రొత్త పరీక్షలో ఆ సంఖ్యను సరిచూచు పంక్తి జారిపోయినదనుకొందము. పరీక్ష నెగ్గుచునే యుండును, కాపు తొలగినను నెగ్గును! కావున మార్చినవారు ఒకసారి ప్రోగ్రామును కావలెనని చెడగొట్టి, క్రొత్త పరీక్ష ఓడునో లేదో చూడవలెనని మా అభిప్రాయము. శేరు పోయి కిలో వచ్చినప్పుడు కొన్నాళ్లు రెండు తూకములును చూచుకొన్నట్లు, పాత పరీక్షను క్రొత్తదానిప్రక్కనే కొంతకాలము నడపుటయు మంచిదే.

భాషల స్వభావము వేరొక చిక్కు. రెండు సమాన చిహ్నములతో పోల్చినచో, జావాస్క్రిప్టు 1 అను అంకెను, "1" అను అక్షరమును ఒకటేయనును, ఎలిక్సిర్ కాదనును. పాత భాష సర్దుకొనిపోయిన తప్పు క్రొత్త భాషలో బయటపడవచ్చును.

ఇంత పట్టుదల యెందులకందురా? 2010 జులైలో వెలువడిన కౌచ్‌డీబీ 1.0.0లో ఒక లోపముండెను. వ్రాతను వెంటనే డిస్కుమీద స్థిరపరుపక, కొంచెము ఆగి స్థిరపరచు ఏర్పాటు అందులో కలదు. కొన్ని సందర్భములలో ఆ స్థిరపరచుటయే జరుగకపోయెను. "అందినది" అని జవాబు వచ్చుచుండెను; వ్రాసినది చదివినచో కనబడుచునే యుండెను. యంత్రమును తిరిగి ప్రారంభించినంతనే మాయమగును! అందుచేతనే జాగ్రత్త తీసికొనక పునఃప్రారంభింపవలదని వాడుకరులను హెచ్చరించిరి. ఆగస్టులో 1.0.1 వెలువరించి దిద్దిరి.

ఆ ఆగి వ్రాయు ఏర్పాటునే తరువాత తొలగించిరి. దానికొరకు వ్రాసిన పరీక్షను క్రొత్త భాషలోనికి మోసికొని పోనక్కరలేదు. "అందినది" అని చెప్పిన వ్రాత పునఃప్రారంభము తరువాతను ఉన్నదా యను పరీక్ష మాత్రము ఏ భాషలోనైనను ఉండవలసినదే.