విచారించే వ్యవధి



అగ్రరాజ్యాల అణ్వాయుధాలతో మన హక్కుల సభకు పనేమిటని కొందరు అడుగవచ్చును. ఒక అబద్ధపు వార్త ఎంతటి ప్రాణనష్టం కలిగించగలదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. నేడు అదే అబద్ధం అణ్వాయుధాల గడప వద్దకు చేరినది. అందువలననే ఈ విషయమును ఎంచుకొన్నాము.

1945 తరువాత ఈ ఆయుధాలను ఎవరూ ప్రయోగించకపోవడానికి ప్రతిదాడి భయం ఒక కారణమని అంటారు. కాని భయం ఒక్కటే చాలదు. ఎదుటివాడు ఏమి చేస్తున్నాడో నిజం తెలియాలి. తెలుసుకొనే వ్యవధి ఉండాలి. 1962 క్యూబా సంక్షోభంలో సందేశాలు చేరడానికే గంటలు పట్టినవి. ఆ అనుభవంతోనే 1963లో మాస్కో, వాషింగ్టన్‌ల మధ్య హాట్‌లైన్ ఏర్పడినది. అది మాట్లాడే ఫోను కాదు, అక్షరాలు పంపే టెలిప్రింటరు.

1983 సెప్టెంబరు 26న అమెరికా నుండి ఐదు క్షిపణులు బయలుదేరినట్లు సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ చూపినది. విధిలో ఉన్న అధికారి స్తానిస్లావ్ పెత్రోవ్, యుద్ధం ఆరంభించేవారు ఐదింటితో ఆగరని తర్కించి, అది తప్పుడు హెచ్చరిక అని పైవారికి తెలిపినారు. మేఘాలపై మెరిసిన సూర్యకాంతియే యంత్రాన్ని భ్రమింపజేసినదని తరువాత తేలినది.

నేడు ఆ వ్యవధి తరిగిపోవుచున్నది. క్షిపణి ఎక్కడ నుండి వచ్చినదో కనబడుతుంది. కంప్యూటర్లపై దాడి ఎవరు చేసినారో వెంటనే తెలియదు. శత్రువెవరో తెలియనప్పుడు ఎవరిని భయపెట్టగలరు? 2016 డిసెంబరులో ఒక కల్పిత వార్తను నమ్మిన పాకిస్తాన్ రక్షణ మంత్రి ఖ్వాజా ఆసిఫ్, తమదీ అణ్వస్త్ర దేశమేనని ట్విట్టరులో ఇజ్రాయిల్‌ను హెచ్చరించినారు. 2018 జనవరి 13న హవాయి ప్రజల ఫోన్లకు క్షిపణి వచ్చుచున్నదని పొరపాటు సందేశం వెళ్ళినది. దానిని సవరించుటకు 38 నిమిషాలు పట్టినది.

అణ్వాయుధ ప్రయోగ నిర్ణయం కృత్రిమ మేధ చేతిలో గాక మనిషి చేతిలోనే ఉండాలని 2024 నవంబరులో బైడెన్, షీ జిన్‌పింగ్ అంగీకరించినారు. అది మంచి మాట. అయితే ఆ మనిషికి నిజం చేరకపోతే ఆ అంగీకారం వలన ప్రయోజనమేమి?

వచ్చిన వార్తను విచారించకుండా నమ్మవద్దని, తెలియక ఎవరికో హాని చేసి పశ్చాత్తాపపడవద్దని ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా మనకు బోధించినది. రాజ్యాధినేతలకైనా, చేతిలో ఫోను ఉన్న మన పిల్లలకైనా ధర్మం ఒక్కటే. పాలకుల నుండి విచారణను కోరే హక్కు మనకున్నది. ఒక వార్తను ముందుకు పంపే ముందు ఆగి విచారించే బాధ్యత కూడా మనదే.